జీవభాషకు క్రొత్త మాటలు చేరవా?

నంద్యాల జిల్లాలోని అవుకు ప్రాంతమునకు పోయినవారికి ముందుగా కంటబడేవి రెండు. ఒకటి, శ్రీశైలపు నీరు కాలువల వెంట వచ్చి నిలిచే జలాశయము. రెండవది, పుస్తకపు పుటలవలె ఒకదానిపై నొకటి పేర్చినట్లున్న రాతిపొరలు. ఆ పొరలలో ఒకదానికి భూగర్భ శాస్త్రజ్ఞులు అవుకు పేరే పెట్టినారు. క్రింద నర్జి సున్నపురాయి, పైన పాణ్యము గట్టిరాయి, ఆ రెంటి నడుమ మెత్తని 'అవుకు షేలు'. దాని వయస్సు 54 కోట్ల సంవత్సరములకు పైబడినదని పరిగణిస్తారు. అనగా, నేలపై గడ్డిపోచయైనను మొలవని కాలపు బురద గట్టిపడి, నేడు మన కాలిక్రింద రాయియై ఉన్నది.

ఆ కాలపు నీటిలో బ్రతికిన సూక్ష్మజీవులు తమ శరీరములను ఏ లిపిలో వ్రాసికొన్నవో, నేడు అవుకులో బడికి పోయే బాలబాలికల శరీరములును అదే లిపిలో వ్రాయబడి ఉన్నవి. రాయి మారినది, నీరు మారినది, ప్రాణుల రూపములు మారినవి. లిపి మాత్రము మారలేదు. ఈ సంగతిని తరగతిలో చెప్పబోయి నా మిత్రుడొకరు చిక్కున పడినారు.

ఆయన ఆ ప్రాంతమున జీవశాస్త్రము బోధించే ఉపాధ్యాయుడు. జన్యుసంకేతపు పట్టికను నల్లబల్లపై గీచి, "అక్షరములు నాలుగు, మాటలు అరువదినాలుగు. బాక్టీరియా మొదలు మనిషి వరకు అందరికీ ఇదే నిఘంటువు. ఇది మారదు" అని ముగించినారట. వెనుక వరుసలోని బాలుడొకడు లేచి, "సార్, మన తెలుగులోకి బస్సు, రైలు అనే మాటలు వచ్చి చేరినాయి గదా. ఆ భాషలోకి గూడా కొత్త మాటలు చేరవా?" అని అడిగినాడు. తరగతి నవ్వినది. "చేరవు నాయనా, కూర్చో" అన్నారు నా మిత్రుడు. గంట కొట్టినారు. కాని ఆ ప్రశ్న ఆయన వెంట ఇంటికి వచ్చినది. "నేను చెప్పినది నిజమేనా?" అని ఆయన నాకు వ్రాసినారు. ఆ లేఖకు ప్రత్యుత్తరముగా మొదలైనదే ఈ వ్యాసము.

మూడేసి అక్షరముల మాటలు

మొదట ఆ నిఘంటువు ఎట్టిదో చూతము. డి.ఎన్.ఏ. అను పోగులో ఏ, టి, జి, సి అను నాలుగు అక్షరములు ఉన్నవి. కణము దీనిలో కావలసిన భాగమునకు ఆర్.ఎన్.ఏ. అను నకలు తీసికొంటుంది. ఆ నకలులో 'టి'కి బదులు 'యు' ఉంటుంది. ఈ అక్షరములను కణము మూడేసి చొప్పున చదువుతుంది. నాలుగు అక్షరములతో మూడేసి కూర్చితే 64 మాటలు వచ్చును. వాటిలో 61 మాటలు 20 రకముల అమైనో ఆమ్లములను సూచిస్తవి. మిగిలిన మూడును 'ఇక ఆగుము' అని చెప్పే విరామ చిహ్నములు. ఈ అమైనో ఆమ్లములే పూసలవలె వరుసగా కూడి మాంసకృత్తులు అగుచున్నవి. కండ, రక్తము, కంటిపాప, జీర్ణరసము — ఇవి అన్నియు చాలవరకు వాటి పనియే.

ఈ నిఘంటువులోని మొదటి మాట 1961లో తెలిసినది. అమెరికాలో మార్షల్ నైరెన్‌బర్గ్, హైన్రిచ్ మత్తాయ్ అనువారు 'యు' అక్షరము తప్ప వేరొకటి లేని ఆర్.ఎన్.ఏ.ను కణరసములో వేసి చూచినారు. ఫినైల్ అలనీను అను ఒకే పూస వరుసగా గ్రుచ్చిన మాల వచ్చినది. కనుక 'యు-యు-యు' అనగా ఫినైల్ అలనీను. తక్కిన మాటలను చదువుటలో మన దేశమున పుట్టిన హరగోవింద ఖొరానా చేసిన పని గొప్పది. అక్షరములను తనకు కావలసిన క్రమములో రసాయనికముగా కూర్చి, ఏ మాటకు ఏ అర్థమో ఆయన తేల్చినారు. 1968లో నైరెన్‌బర్గ్, రాబర్ట్ హాలీలతో కలిసి నోబెల్ బహుమానము పొందినారు. ఆయన పుట్టిన పంజాబు పల్లెలో నివసించినవారు ఇంచుమించు వందమంది. వారిలో చదువుకొన్న కుటుంబము దాదాపు తమది ఒక్కటే అని ఆయన స్వయముగా చెప్పినారు. అవుకు వంటి ఊళ్లలో పాఠము చెప్పేవారు ఈ సంగతిని ఒకసారి పిల్లలకు వినిపించుట మంచిది.

నిఘంటువు తానై మాటాడదు గదా! మాటను చూచి దానికి తగిన పూసను తెచ్చి ఇచ్చేవారు కావలెను. ఆ పని చేసేది టి-ఆర్.ఎన్.ఏ. అను చిన్న అణువు. పూర్వము దొరలకును రైతులకును నడుమ నిలిచిన దుబాసీవలె దీనికి రెండు కొసలు ఉన్నవి. ఒక కొసతో మూడక్షరముల మాటను పట్టుకొంటుంది. రెండవ కొసపై అమైనో ఆమ్లమును మోసికొని వస్తుంది. ఏ దుబాసీపై ఏ సరకు ఎక్కించవలెనో నిర్ణయించేవి కొన్ని ఎంజైములు. కనుక నిజమునకు నిఘంటువు ఉన్నది ఈ ఎక్కించేవారి చేతిలోనే. వారు ఒకదానికి బదులు మరొకటి ఎక్కించినచో, లిపి ఎంత శుద్ధముగా ఉన్నను అర్థము చెడిపోవును. ఈ సంగతిని గుర్తుంచుకొందము. బాలుని ప్రశ్నకు జవాబు ఇక్కడనే దాగి ఉన్నది.

ప్రకృతి చేసిన మినహాయింపులు

నా మిత్రుడు 'మారదు' అనుట పూర్తిగా సరికాదని చెప్పుటకు దూరము పోనక్కరలేదు. ఆ బాలుని శరీరములోనే సాక్ష్యము ఉన్నది. మన కణములలో శక్తిని పుట్టించే మైటోకాండ్రియాలకు తమదైన చిన్న డి.ఎన్.ఏ. కలదు. సామాన్య నిఘంటువులో 'యు-జి-ఏ' అనగా 'ఆగుము'. మైటోకాండ్రియాలలో అదే మాటకు ట్రిప్టోఫాను అను అమైనో ఆమ్లమని అర్థము. ఈ భేదము 1979లో బయటపడినది. మాండలిక భేదము వంటిదన్నమాట.

అంతేకాదు. 1986లో 'యు-జి-ఏ' అను ఆ విరామ చిహ్నమే కొన్నిచోట్ల సెలీనియము కలిగిన 21వ అమైనో ఆమ్లమును సూచిస్తుందని తెలిసినది. అట్టి మాంసకృత్తులు మన శరీరములోను ఉన్నవి. 2002లో మీథేను వాయువును పుట్టించే ఒక సూక్ష్మజీవిలో 'యు-ఏ-జి' అను మరియొక విరామ చిహ్నము పైరోలైసీను అను 22వ అమైనో ఆమ్లమునకు గుర్తుగా వాడబడుచున్నదని కనుగొన్నారు. కనుక ప్రకృతియే అక్కడక్కడ ఒక పాతమాటకు క్రొత్త అర్థమును ఇచ్చినది. ప్రకృతి చేసినదానిని మనిషి చేయగలడా?

ఆగుమన్న మాటకు క్రొత్త పని

చేయగలడని 2001లో కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ పరిశోధనాలయమునందు పీటర్ షుల్ట్జ్, ఆయన సహచరులు చూపించినారు. వారు ఎన్నుకొన్నది 'యు-ఏ-జి' అను విరామ చిహ్నమునే. దీనికి 'అంబర్' అను ముద్దుపేరు కలదు. తృణమణికి జర్మను భాషలో 'బెర్న్‌స్టైన్' అని పేరు. ఆ ఇంటిపేరు గల విద్యార్థి తొలినాటి ప్రయోగములలో తోడ్పడినందున, అతని పేరును ఇంగ్లీషులోనికి మార్చి ఈ మాటకు పెట్టినారు. ఈ.కోలై అను బాక్టీరియములో అన్నిటికంటె అరుదుగా కనిపించే విరామ చిహ్నము ఇది. నాలుగు వేలకు పైబడిన జన్యువులలో 321 మాత్రమే దీనితో ముగుస్తవి. తక్కువగా వాడే మాట గనుక దానికి వేరొక పని అప్పగించుట తేలిక.

అయితే క్రొత్త అర్థము చెప్పుటకు క్రొత్త దుబాసీ కావలెను, అతనిపై సరకు ఎక్కించే క్రొత్త ఎంజైము కావలెను. ఈ రెండును ఊరిలోని పాతవారితో కలిసిపోరాదు. పాత ఎంజైము క్రొత్త దుబాసీని ముట్టరాదు. క్రొత్త ఎంజైము పాత దుబాసీలను ముట్టరాదు. కలిసినచో కణములోని మాంసకృత్తులన్నియు అస్తవ్యస్తమగును. అందుకని సముద్రగర్భపు వేడినీటి ఊటల యొద్ద బ్రతికే వేరొక జాతి సూక్ష్మజీవి నుండి ఒక జంటను తెచ్చి బాక్టీరియములో పెట్టినారు. పిదప ఆ ఎంజైము తనకు అలవాటైన సరకును వదలి, తాము కోరిన క్రొత్త అమైనో ఆమ్లమునే పట్టునట్లు దానిలో మార్పులు చేసి, వేలకొలది రూపములలో నుండి ఏరినారు. అప్పుడు 'యు-ఏ-జి' వచ్చినచోట కణము ఆగక, క్రొత్త పూసను గ్రుచ్చి ముందుకు సాగినది. దీనినే జన్యుసంకేత విస్తరణము అంటున్నారు. తరువాతి సంవత్సరములలో వంద కంటె ఎక్కువ రకముల క్రొత్త అమైనో ఆమ్లములను ఈ మార్గమున జీవకణములలో చేర్చినారు.

హైదరాబాదులో ప్రూఫులు దిద్దేవారు

ఇది చదివిన విద్యార్థికి ఒక సందేహము కలుగవలెను. కణము ఇంత సులభముగా పరాయి సరకును రానిచ్చునా? కాపలా లేదా? కాపలా ఉన్నది. దానిని గూర్చి ప్రపంచమునకు తెలియజెప్పిన పనిలో గణనీయమైన భాగము మన హైదరాబాదులోనే జరిగినది.

1977లో పుష్పమిత్ర భార్గవ నాయకత్వమున హైదరాబాదులో మొదలైన సంస్థ నేడు సి.సి.ఎం.బి. అను పేర, కణజీవశాస్త్ర, అణుజీవశాస్త్ర కేంద్రముగా ప్రసిద్ధి చెందినది. అక్కడ రాజన్ శంకరనారాయణన్ అను శాస్త్రజ్ఞుడు, ఆయన శిష్యులు, దుబాసీపై తప్పుసరకు ఎక్కినప్పుడు కణము ఎట్లు దిద్దుకొనునో పరిశీలించినారు. అమైనో ఆమ్లములకు, మన చేతులవలె, కుడి ఎడమల భేదము ఉన్నది. ఒకదానికొకటి అద్దములోని ప్రతిబింబము. జీవకణము మాంసకృత్తుల నిర్మాణమునకు ఎడమచేతివాటపు వాటిని మాత్రమే వాడును. పొరపాటున కుడివాటపుది దుబాసీ వీపుపై ఎక్కినచో, డి.టి.డి. అను ఎంజైము దానిని దింపివేయును.

ఈ ఎంజైము మంచిదానిని వదలి చెడ్డదానినే ఎట్లు పట్టుకొంటుంది? 2013లో వారు ప్రకటించిన జవాబు చిత్రమైనది. ఈ ఎంజైము రెండు సమభాగముల కూడిక. ఒక్కొక్క భాగము రెండవదాని గూటిలోనికి ఒక వ్రేలు చాచి ఉంచుతుంది. ఆ వ్రేలు అడ్డముండుట వలన ఎడమవాటపు అణువు ఆ గూటిలో పట్టనే పట్టదు. అనగా ఈ కాపలాదారు కుడివాటపు దొంగను గుర్తుపట్టుట లేదు. ఎడమవాటపు ఇంటివారిని లోపలికి రానీయకుండుటయే అతని ఉపాయము. ఇంటివారు గూటిలోనికి పోరు గనుక క్షేమముగా ఉందురు, తక్కినవారు చిక్కుదురు.

ఇందులో ఒక ఇబ్బంది ఉన్నది. గ్లైసీను అను అతి చిన్న అమైనో ఆమ్లమునకు కుడి ఎడమల భేదమే లేదు. అది మంచిదైనను గూటిలో పట్టును. కాపలాదారు దానినిగూడ దింపివేయవలసినదే! మరి జీవము ఎట్లు నిలిచినది? దుబాసీలను గమ్యస్థానమునకు చేర్చే మరియొక మాంసకృత్తు గ్లైసీనుకు రక్షణగా నిలిచి కాపలాదారు బారిన పడకుండ చేయునని 2016లో ఆ ప్రయోగశాలవారే చూపినారు. 2018లో, జంతువులకు మాత్రమే ఉన్న మరియొక ప్రూఫురీడరును వారు వర్ణించినారు. త్రియోనీను మోయవలసిన దుబాసీపై అలనీను ఎక్కినప్పుడు ఇది దానిని సరిచేయును. ఈ కృషికి శంకరనారాయణన్ గారికి 2020లో ఇన్ఫోసిస్ బహుమానము లభించినది.

క్రొత్త మాట చేర్చువారికి ఈ జ్ఞానము ఎందుకు? ఏ ఇంటికి క్రొత్త ద్వారము పెట్టదలచినను, ముందు ఆ ఇంటి గోడలు ఎక్కడ బలముగా ఉన్నవో తెలియవలెను గదా! జన్యుసంకేతము కోట్ల ఏండ్లుగా నిలిచినది, దానిని ఎవరును ముట్టలేదు గనుక కాదు. ప్రతిక్షణము ప్రతికణములోను ఎవరో దిద్దుచున్నారు గనుక.

ఒకే చెట్టు: ఆకు వేరు, పండు వేరు

ఇంతవరకు మాటల సంగతి. ఇక గ్రంథమును తెరచుట, మూయుట అను సంగతి వేరొకటి ఉన్నది. దీనిని తెలిసికొనుటకు అవుకునకు పొరుగున ఉన్న బనగానపల్లె మామిడి తోటలోనికి పోదము.

బనగానపల్లె మామిడి టెంకను నాటినచో అదే రుచి రాదని తోటమాలికి తెలియును. అందుకనే అంటు కట్టును. అంటు కట్టిన కొమ్మలోని ప్రతి కణమునందును ఒకే గ్రంథము ఉన్నది. కాని ఆ గ్రంథమునే చదివి ఒకచోట ఆకుపచ్చని ఆకు వచ్చినది, ఒకచోట పూత వచ్చినది, ఒకచోట పసిమిరంగు పండు వచ్చినది. గ్రంథము ఒకటియే అయినప్పుడు ఫలితములు ఇన్ని ఎట్లు? ఆకులోని కణము కొన్ని పుటలను తెరచి తక్కినవాటిని మూసి ఉంచినది. పండులోని కణము వేరు పుటలను తెరచినది. అంతే భేదము.

మన తాళపత్ర గ్రంథములను రెండు చెక్కల నడుమ పెట్టి త్రాటితో కట్టేవారు. కట్టు విప్పనిదే చదువుట లేదు. కణముయొక్క కట్టునకే క్రొమాటిన్ అని పేరు. మనిషి కణమొకదానిలోని డి.ఎన్.ఏ.ను విప్పి పొడవుగా చాపినచో రెండు మీటర్లు ఉండును. అది మిల్లీమీటరులో నూరవ వంతుకూడ లేని కేంద్రకములో ఇమిడి ఉన్నది. చిక్కుపడకుండ ఇమిడించు ఉపాయము నేతగాని కండె వంటిది. హిస్టోనులు అను ఎనిమిది మాంసకృత్తులు ఒక కండెగా కూడుచున్నవి. దానిచుట్టు 147 జతల అక్షరముల పొడవు గల పోగు రెండు చుట్లకు కొంచెము తక్కువగా చుట్టుకొంటుంది. ఇట్టి కండెలు లక్షలకొలది వరుసగా ఉండును. కండెకు న్యూక్లియోసోము అని పేరు. రోజర్ కోర్న్‌బర్గ్ 1974లో ఈ రూపమును ఊహించి చెప్పినారు. 1997లో దాని పూర్తి చిత్రము స్ఫటికముల సాయముతో లభించినది.

కండెలలోని హిస్టోనులకు తోకలవంటి కొసలు ఉన్నవి. వాటిపై కణము చిన్న చిన్న రసాయనిక గుర్తులు పెట్టును. ఎసిటైలు అను గుర్తు వాటిలో ఒకటి. లైసీను అను అమైనో ఆమ్లమునకు ధనవిద్యుత్తు ఉన్నది, డి.ఎన్.ఏ.కు ఋణవిద్యుత్తు ఉన్నది; అందుచే రెండును అంటిపెట్టుకొని ఉండును. లైసీనుపై ఎసిటైలు గుర్తు పడగానే ఆ ఆకర్షణ తగ్గును. 1964లోనే విన్సెంట్ ఆల్‌ఫ్రీ ఈ గుర్తులకును జన్యువులు పనిచేయుటకును సంబంధము ఉన్నదని సూచించినారు.

హైదరాబాదు కేంద్రములోను క్రొమాటిన్‌ను గూర్చి విశేష పరిశోధన జరిగినది. 2016 నుండి 2021 వరకు ఆ కేంద్రమునకు అధిపతిగా ఉన్న రాకేశ్ మిశ్రా, పండ్లయీగలలో ఒక పుటకును మరొక పుటకును నడుమ గట్లు ఎట్లు ఏర్పడునో పరిశీలించినారు. పూర్ణిమా భార్గవ, ఈస్టు కణములలో టి-ఆర్.ఎన్.ఏ. జన్యువులపై క్రొమాటిన్ ఎట్లు పనిచేయునో పరిశీలించినారు. ఇక్కడ మన రెండు కథలును ఒకటిగా కలియుట గమనింపదగినది. దుబాసీలను పుట్టించే పుటలు కూడ కండెలపైననే ఉన్నవి. వాటి కట్టు విప్పనిదే దుబాసీ పుట్టడు. దుబాసీ లేనిదే కట్టు కట్టే హిస్టోను పుట్టదు.

ఒక్క గుర్తు, ఒక్క చోట

ఇప్పుడు అసలు చిక్కు. హిస్టోనులపై గుర్తులు అనేకము. ఏ గుర్తు ఏ పని చేయునో ఎట్లు తెలియును? కణమునుండి తీసిన హిస్టోనులపై పలుచోట్ల పలు గుర్తులు కలిసి ఉండును. ఎంజైముతో గుర్తు పెట్టించినచో అది ఒకచోట ఆగదు. పది దీపములు వెలుగుచున్న గదిలో ఒక దీపపు వెలుగు ఎంతయో చెప్పుమన్నట్లుండును. తక్కినవన్నియు ఆర్పి, ఒక్కదానినే వెలిగింపవలెను.

దీనికి సాధనమైనది జన్యుసంకేత విస్తరణమే. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి అణుజీవశాస్త్ర ప్రయోగశాలలో జేసన్ చిన్ వద్ద పనిచేసిన హైన్‌జ్ నాయ్‌మన్ అను జర్మను అణుజీవశాస్త్రజ్ఞుడు, 2008లో తన సహచరులతో కలిసి, మీథేను పుట్టించే సూక్ష్మజీవులలోని పైరోలైసీను జంటను మార్చి, ఎసిటైలు గుర్తు ముందే పెట్టిన లైసీనును మోయునట్లు చేసినారు. బాక్టీరియములో ఆ గుర్తును చెరిపే ఎంజైము ఒకటి ఉన్నది. వ్రాసినది వ్రాసినట్లే చెరిగిపోరాదని, బి-విటమినుల కుటుంబములోని నికొటినమైడు సాయముతో ఆ చెరిపే చేతిని ఆపినారు.

2009లో ఇదే ఉపాయముతో 'హెచ్-3' అను హిస్టోనులో 56వ స్థానమున మాత్రమే గుర్తు ఉన్న మాంసకృత్తును తయారుచేసినారు. ఆ స్థానము, పోగు కండెలోనికి ప్రవేశించే మలుపు దగ్గర ఉన్నది. ఫలితమేమి? పోగు కొస కండెనుండి లేచి మరల పడుట, శాస్త్రజ్ఞులు దీనిని డి.ఎన్.ఏ. ఊపిరి తీయుట అంటారు, ఏడు రెట్లు పెరిగినది. కాని కండెలన్నియు కూడి దగ్గరగా ముడుచుకొనుటలో నేరుగా మార్పు రాలేదు. గుర్తు పడితే కట్టంతయు సడలునని ఊహించుట తేలిక. ఈ గుర్తు మాత్రము కట్టును విప్పలేదు. పుట అంచును కొంచెము ఎత్తినది. ఊహకును కొలతకును ఉన్న దూరము ఇదే.

తరువాత గోటింగెన్ విశ్వవిద్యాలయములో నాయ్‌మన్ బృందము మరియొక అడుగు ముందుకు వేసినది. రొట్టె పిండిని పొంగించే ఈస్టు కణములలో, అతినీలలోహిత కాంతి పడగానే ప్రక్కవానిని పట్టుకొనే గుణము గల క్రొత్త అమైనో ఆమ్లమును హిస్టోనులలో పెట్టినారు. కాంతి పడిన క్షణమున ఏ హిస్టోను ఏ హిస్టోనుకు ప్రక్కన ఉన్నదో అట్లే బిగిసిపోవును, ఛాయాచిత్రము తీసినట్లు. కణము రెండుగా చీలబోవు ముందు క్రోమోసోములు బిగువుగా ముడుచుకొనుట పాఠశాలలో మనము సూక్ష్మదర్శినిలో చూచినదే. అది ఎట్లు జరుగునో 2014లో వారు చెప్పినారు. హెచ్-3 హిస్టోనులో 10వ స్థానమున ఒక ఫాస్ఫేటు గుర్తు పడును. దానిని చూచి చెరిపే ఎంజైము ఒకటి వచ్చును. అది హెచ్-4 హిస్టోనులో 16వ స్థానముననున్న ఎసిటైలు గుర్తును తీసివేయును. అప్పుడు ఆ తోక ప్రక్క కండెను పట్టుకొనును. ఒకదానివెంట ఒకటిగా కండెలు దగ్గరకు చేరును. గుర్తు, చెరుపు, పట్టు: ఈ వరుస ప్రాణముతో ఉన్న కణములోనే కనబడినది.

ఒక భాషను మనము అర్థము చేసికొన్నామనుటకు ప్రమాణమేమి? పట్టిక అప్పగించుట కాదు. వాక్యములో ఒక్క అక్షరమును, మనము కోరినచోట, మార్చి, అర్థము ఎట్లు మారినదో చెప్పగలుగుట. జన్యుసంకేత విస్తరణము వలన శాస్త్రజ్ఞులకు లభించినది ఈ శక్తియే.

భయము, బాధ్యత

కోట్ల ఏండ్ల నిఘంటువును మనిషి ముట్టవచ్చునా అను శంక సహజము. అంతటితో ఆగలేదుకూడ. 2019లో జేసన్ చిన్ బృందము, ఇంచుమించు 40 లక్షల జతల అక్షరములు గల ఈ.కోలై గ్రంథమంతయు తిరిగి వ్రాసి, 18,214 చోట్ల మాటలను మార్చి, 64 మాటలకు బదులు 61 మాటలతోనే బ్రతికే బాక్టీరియమును సృష్టించినది. వాడుకలో లేని మాటలకు చెందిన దుబాసీలను తీసివేసినప్పుడు, దానికి అనేక వైరసుల వలన హాని కలుగలేదని 2021లో చూపినారు; పాత నిఘంటువు నమ్ముకొని వచ్చిన వైరసునకు ఆ కణములో దుబాసీ దొరకలేదు. 2025 నాటికి 57 మాటలతో బ్రతికే బాక్టీరియము వచ్చినది.

ఇట్టి జీవి బయటకు పోయినచో ఏమి గతి? ఈ ప్రశ్న శాస్త్రజ్ఞులే వేసికొన్నారు. 2015లో అమెరికాలో రెండు బృందములు, ప్రకృతిలో దొరకని అమైనో ఆమ్లము లేనిదే బ్రతుకలేని బాక్టీరియములను తయారుచేసినవి. ఆ ఆహారము ప్రయోగశాలలో మాత్రమే దొరకును. గడప దాటినచో మరణమే. క్రొత్త మాట నేర్చినవానికి ఆ మాటతోనే గొలుసు వేసినారన్నమాట. ఈ గొలుసు ఎల్లకాలము ఎంత గట్టిగా నిలుచునో నిత్యము పరీక్షించుచుండవలసినదే. భయపడి కన్నులు మూసికొనుటయు తగదు, గర్వపడి కాపలా మరచుటయు తగదు.

మరల అవుకు

ఈ సంగతులన్నియు నా మిత్రునకు వ్రాసినాను. కొన్నాళ్లకు ఆయన జవాబు వచ్చినది. మరునాడే తరగతికి పోయి, "మొన్న నేను చెప్పినది తప్పు. ఆ భాషలోకి గూడా క్రొత్త మాటలు చేరుతాయి. అడిగినవాడు లేచి నిలబడవలెను" అన్నారట. బాలుడు తిట్లు పడునేమోనని జంకుతూ లేచినాడు. ఈసారి తరగతి నవ్వలేదు. నల్లబల్లపై పట్టికలో 'యు-ఏ-జి' చుట్టు సున్న చుట్టి, గంటసేపు ఆ ఒక్క మాటను గూర్చియే చెప్పినారు. పిదప పిల్లలను బయటకు తీసికొనిపోయి, ఆవరణలోని నాపరాతి అరుగును చూపి, రాతిపొరలలో ఒకదానికి తమ ఊరి పేరే ఉన్నదనియు చెప్పినారు.

పాఠము ముగియగానే ఆ బాలుడే మరల చేయి ఎత్తినాడు. "సార్, ఆ కండెల మీద గుర్తులు మా అమ్మానాయనల నుంచి గూడా మాకు వస్తాయా?"

నా మిత్రుడు క్షణము ఆలోచించి, బిడ్డ పుట్టుకకు ముందు ఆ గుర్తులలో చాలవరకు చెరిగిపోవుననియు, ఎలుకలలోను మొక్కలలోను కొన్ని చెరగకుండ మిగులుట చూచినారనియు, మనుష్యుల సంగతి శాస్త్రజ్ఞుల నడుమ ఇంకను వాదములో ఉన్నదనియు చెప్పినారట. "ఈసారి 'కూర్చో' అనలేదు" అని ఆ లేఖ చివర వ్రాసినారు.